గడప దగ్గరే తెలిసిపోతుంది: అమెరికా దక్షిణాది పల్లె కోసం ఏ సినిమా చూడాలి?

అట్లాంటా చుట్టుపక్కలకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఆరు నెలలు తిరిగేలోపు నన్నొక ప్రశ్న అడుగుతారు. "ఈ పల్లెటూళ్ళు, ఈ పికప్ ట్రక్కులు, ప్రతివాడూ సార్, మ్యామ్ అనడం, అదే ఇంటి వాకిట్లో 'లోపలికొస్తే కాలుస్తాం' అని బోర్డు. వీళ్ళ సంగతేంటో అర్థమయ్యే సినిమా ఒకటి చెప్పు." దాని వెనకే ఇంకోటి: "మన ఫ్యాక్షన్ సినిమాల్లాంటివి వీళ్ళకీ ఉన్నాయంటగా?" పుట్టింది కడప జిల్లా, ఉంటున్నది జార్జియా కాబట్టి రెండూ నా నెత్తినే పడతాయి.

ఒక్కటే చెప్పమంటే 2010లో వచ్చిన 'వింటర్స్ బోన్'. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగి ఆ సినిమా పెట్టుకోవచ్చు. కానీ అది అన్ని సాయంత్రాలకీ సరిపడే సినిమా కాదు. పిల్లలు పక్కన ఉంటే కుదరదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కూర్చుని చూడ్డమూ కష్టమే. అందుకని మిగతావి కూడా పక్కపక్కన పెట్టి చెప్తాను.

దానికి ముందు నాకు జరిగిన ఒక పరాభవం చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఉత్తర జార్జియా కొండల్లో, వాన పడ్డ మట్టిరోడ్డు మీద మా కారు పక్క కాలువలోకి జారిపోయింది. ఫోన్లో సిగ్నల్ లేదు. పావుగంటకి ఒక పెద్దాయన ట్రాక్టర్ వేసుకుని వచ్చాడు. మేం పిలవలేదు, ఇంట్లోంచి చూసి వచ్చాడంతే. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని గొలుసు కట్టాడు, కారు బయటికి లాగాడు, పిల్లలు భయపడ్డారా అని అడిగాడు. నేను పర్సు తీసి రెండు ఇరవై డాలర్ల నోట్లు చాచాను. ఆయన మొహం మూసుకుపోయింది. "లోపల పెట్టుకోండి సార్" అని ఒక్క మాట అని, గొలుసు చుట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటిదాకా ఇంటి మనిషిలా మాట్లాడిన ఆయన ఆ ఒక్క 'సార్'తో నన్ను రోడ్డు అవతలికి తోసేశాడు.

మా ఊళ్ళో కళ్ళంలో వడ్లు ఆరబోసినప్పుడు వాన మబ్బేస్తే పక్కచేనాయన పరిగెత్తుకొచ్చి పట్టాలు కప్పుతాడు. సాయంత్రం ఆయనకి కూలి లెక్కగట్టి ఇస్తే ఏమంటాడో నాకు తెలుసు. అంత తెలిసినవాణ్ణి ఇక్కడ పర్సెందుకు తీశానో!

ఇంగ్లీషు వాళ్ళు 'ఆనర్' అని ఒక్క మాటతో సరిపెట్టే చోట మనకి మూడు నాలుగు మాటలున్నాయి. మర్యాద, మాట, పరువు, పౌరుషం. దక్షిణాది పల్లె మీద తీసిన సినిమాల్లో ఎక్కువ భాగం చివరిదాన్నే పట్టుకుంటాయి, ఎందుకంటే తుపాకీ తెర మీద బాగుంటుంది. నలభై డాలర్లు వెనక్కి నెట్టిన చెయ్యి మాత్రం సినిమాల్లో అరుదుగా కనిపిస్తుంది. నా ఎంపికంతా ఈ తేడా మీదే.

ఈ రెండూ ఒకే నాణేనికి రెండు వైపులని చూపించిన ప్రయోగం ఒకటుంది. 1990ల్లో మిషిగన్ యూనివర్సిటీలో రిచర్డ్ నిస్బెట్, డోవ్ కోహెన్ అనే సైకాలజిస్టులు, తోటివాళ్ళతో కలిసి, అక్కడ చదివే దక్షిణాది, ఉత్తరాది కుర్రాళ్ళని పరీక్షించారు. ఇరుకు వరండాలో ఒకడు భుజం తగిలించి, బూతు మాట అని పోతాడు. ఉత్తరాది వాళ్ళు ఎక్కువగా నవ్వుకున్నారు. దక్షిణాది వాళ్ళకి కోపం వచ్చింది, ఒత్తిడి హార్మోను కూడా పెరిగింది. నాకు నచ్చింది తర్వాతి ఘట్టం. అదే వరండాలో ఎదురుగా ఒక భారీ మనిషి దారి ఇవ్వకుండా నడిచొస్తుంటాడు. తిట్టు పడని దక్షిణాది కుర్రాళ్ళు దాదాపు 9 అడుగుల దూరంలోనే పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఉత్తరాది వాళ్ళు తిట్టు పడ్డా పడకపోయినా 6 అడుగుల దగ్గర. తిట్టు పడ్డ దక్షిణాది వాళ్ళు మాత్రం 3 అడుగుల దాకా తప్పుకోలేదు. అంటే మామూలుగా అందరికంటే మర్యాదస్తులు వాళ్ళే. మర్యాద తప్పితే అందరికంటే మొండివాళ్ళూ వాళ్ళే.

దీనికి వాళ్ళు చెప్పిన కారణం కూడా మా సీమ వాళ్ళకి ఇట్టే ఎక్కుతుంది. 18వ శతాబ్దంలో ఐర్లండ్ ఉత్తర భాగం, ఉల్‌స్టర్ నుంచి వచ్చి ఈ కొండల్లో స్థిరపడ్డవాళ్ళలో పశువుల కాపర్లు ఎక్కువ. పొలాన్ని ఎవడూ ఎత్తుకుపోలేడు, మందని ఒక్క రాత్రిలో తోలుకుపోవచ్చు. పోలీసూ కోర్టూ దూరం. 'వీడి జోలికి పోతే ఊరుకోడు' అన్న పేరే కాపలా. ఈ వాదనతో ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు, అది వేరే కథ.

అందుకే సినిమా ఎంచుకునేటప్పుడు ఎన్ని తుపాకులు పేలాయో నేను లెక్కపెట్టను. ఎవరు ఎవరి గడప దగ్గర ఎలా నిలబడ్డారో చూస్తాను. తీసినవాడికి ఆ ఊరు తెలుసో తెలియదో అక్కడే బయటపడుతుంది.

ఇక 'వింటర్స్ బోన్'. మిస్సోరి రాష్ట్రంలో ఓజార్క్ కొండలు. అది అసలు దక్షిణాదేనా అని అక్కడివాళ్ళే వాదించుకుంటారు గానీ, ఆ కొండల్లో మొదట చేరినవాళ్ళు టెనెసీ, కెంటకీల నుంచి వెళ్ళినవాళ్ళే, పద్ధతులు అవే. అర్కన్సాలోని బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ హెడ్డాఫీసు పుణ్యమాని ఇప్పుడు మన తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉన్నది ఆ కొండల అంచునే. కథ చిన్నది. రీ అనే పదిహేడేళ్ళ పిల్ల. తండ్రి డ్రగ్స్ వండుతూ పట్టుబడి, ఇల్లూ అడవిభూమీ పూచీ పెట్టి బెయిలు మీద వచ్చి మాయమయ్యాడు. వాయిదాకి రాకపోతే ఇల్లు పోతుంది. తల్లికి మతి స్థిమితం లేదు, తమ్ముడూ చెల్లీ పసివాళ్ళు. ఆ పిల్ల తండ్రిని వెతుక్కుంటూ బంధువుల ఇంటింటికీ వెళుతుంది. అంతే, సినిమా అంతా గడపలే.

మొదట్లోనే ఒక సన్నివేశం. ఎదురింటివాళ్ళు జింకని కోస్తుంటారు. ఇక్కడ ఇంట్లో తిండి లేదు. మనకీ కొంచెం ఇస్తారేమో, అడుగుదామా అంటాడు తమ్ముడు. వాళ్ళంతట వాళ్ళు ఇవ్వాల్సినదాన్ని ఎప్పుడూ నోరు తెరిచి అడగొద్దని వాణ్ణి కసురుతుంది రీ. సాయంత్రం ఆ ఎదురింటామె మాంసం, దుంపలు తెచ్చి ఇస్తుంది కూడా. ఇచ్చి, పొద్దున పోలీసు మీ ఇంటికి ఎందుకొచ్చాడని ఆరా తీస్తుంది. ఆదుకోవడమూ కనిపెట్టుకుని ఉండడమూ ఒకే చేతి మీదుగా వస్తాయి. పల్లెలో పుట్టినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత ఆ పిల్ల ఊరి పెద్ద, పేరు థంప్ మిల్టన్, ఇంటికి వెళుతుంది. వాకిట్లోనే ఆయన భార్య అడ్డం. ఈ పని మీద రావడానికి మీ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అని అడుగుతుంది. లేరండీ అంటుంది రీ, తల వంచకుండా. పెద్దాయన బయటికి రాడు. మాట్లాడితే సాక్షులు పుట్టుకొస్తారని కబురు. దూరపు చుట్టరికం ఉంది, మనది ఒకే రక్తం కదా అని ఆ పిల్ల అరుస్తుంది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పను గానీ, ఒకటి మాత్రం గమనించండి. ఆ పిల్ల మీద చెయ్యి చేసుకునేది ఆడవాళ్ళు. మగవాడు కొడితే పరువు తక్కువ కాబట్టి ఆ పని ఆడవాళ్ళకి అప్పగించారు. ఇంత సూక్ష్మం బయటినుంచి వచ్చి రెండు నెలలు షూటింగ్ చేసి పోయేవాళ్ళకి సాధారణంగా దొరకదు. నవల రాసిన డేనియల్ వుడ్రెల్‌ది ఆ కొండల్లోని వెస్ట్ ప్లెయిన్స్ ఊరు. డైరెక్టర్ డెబ్రా గ్రానిక్ బయటి మనిషే అయినా, అక్కడి ఇళ్ళలోనే తీసింది, అక్కడివాళ్ళని తెర మీదికి తెచ్చింది. ఒక ఇంట్లో పాటలు పాడే పెద్దావిడ నిజంగానే ఆ ప్రాంతపు గాయని.

నాకు బాగా నచ్చిన మనిషి రీ పెదనాన్న, టియర్‌డ్రాప్. తన తమ్ముణ్ణి ఎవరో చంపేశారని ఆయనకి అనుమానం. ఆయన రీకి చెప్పేది ఒక్కటే: ఎవరు చేశారో నీకు తెలిసినా నాకు చెప్పకు. తెలిస్తే తను ఊరుకోకూడదు, ఊరుకోకపోతే తనూ పోతాడు. మన సినిమాల్లో పౌరుషం అంటే తొడగొట్టుడు. ఇక్కడ అది మెడకి కట్టిన రాయి. ఇంకో చోట ఆయన నలుగురి మధ్యలోకి వచ్చి, ఇకనుంచి ఈ పిల్ల ఏం చేసినా పూచీ నాది అంటాడు. రాయించుకున్న కాయితం లేదు, సంతకం లేదు. ఆ మాటతో పిల్ల బతుకుతుంది.

ఫ్యాక్షన్ ప్రశ్న అడిగినవాళ్ళకి నేను ఇచ్చేది వేరే. చాలామంది 2012లో వచ్చిన 'హ్యాట్‌ఫీల్డ్స్ అండ్ మెకాయ్స్' మినీ సిరీస్ చూస్తారు. కెవిన్ కాస్ట్‌నర్ ఉన్నాడు, పేరున్న కక్ష. కెంటకీ, వెస్ట్ వర్జీనియా సరిహద్దులో, టగ్ ఫోర్క్ ఏటికి చెరోవైపు ఉన్న రెండు కుటుంబాలు. 1878లో ఒక పంది ఎవరిదన్న దావా దాకా వెళ్ళారు, 1882 ఎన్నికల రోజు కత్తులు దూశారు, 1888 కొత్త సంవత్సరం రోజు ఇల్లు తగలబెట్టారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కాకపోతే దాన్ని తీసింది రొమేనియాలో. 2003 నాటి 'కోల్డ్ మౌంటెన్' కూడా ఎక్కువ భాగం అక్కడిదే. ఈ కథలు జరిగే అప్పలాచియా కొండల కోసం తూర్పు ఐరోపా వెళ్ళడమేమిటో, కర్నూలు కొండారెడ్డి బురుజు సీను హైదరాబాదులో సెట్టు వేసి తీసే మనం అడక్కూడదేమో.

కక్ష లోపలినుంచి ఎలా ఉంటుందో చూడాలంటే 'షాట్‌గన్ స్టోరీస్', 2007. డైరెక్టర్ జెఫ్ నికల్స్‌ది అర్కన్సాలోని లిటిల్ రాక్, ఇది అతని మొదటి సినిమా. అక్కడి పత్తి చేల మధ్య, చిన్న చిన్న ఊళ్ళలో తీశాడు. తాగుబోతు తండ్రి మొదటి పెళ్ళాం కొడుకులు ముగ్గురికీ పేర్లు కూడా సరిగ్గా పెట్టలేదు. సన్, బాయ్, కిడ్. అవే పేర్లు. కొడుకు, అబ్బాయి, పిల్లోడు అన్నట్టు. ఆ తర్వాత మనిషి మారాడు, తాగుడు మానాడు, భక్తుడయ్యాడు, ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, వాళ్ళకి పుట్టిన నలుగురికీ మంచి పేర్లు పెట్టాడు. చనిపోయాడు. పూడ్చే చోటికి పెద్దకొడుకు వెళ్ళి, మీరనుకుంటున్నంత మంచివాడేం కాదని చెప్పి, శవపేటిక మీద ఉమ్మేస్తాడు. కథ మొదలు.

దీన్ని మన ఫ్యాక్షన్ కథల పక్కన పెట్టి చూడండి. ఒక తండ్రి, రెండు సంసారాలు, ఒకే ఊరు. మాటలు అటూ ఇటూ మోసి నిప్పు రాజేసేవాడు కూడా ఉన్నాడు, షాంపూ అని వాడి పేరు. మా ఊళ్ళోనూ ఇలాంటివాడొకడు ఉండేవాడు, టీకొట్టు దగ్గరే కాపురం. తేడా ఏమిటంటే, ఇక్కడ కొట్లాటలు చాలావరకు తెర మీద కనిపించవు. కనిపించేది ముందూ వెనకా. చేపల చెరువుల దగ్గర పని, డేరాలో పడుకునే తమ్ముడు, వ్యానులోనే బతికే ఇంకో తమ్ముడు. ఎండకి తట్టుకోలేక ఆ వ్యాన్‌కి ఏసీ పెట్టాలని వాడు పడే తిప్పలు నవ్వు తెప్పిస్తాయి. అంత మామూలు మనుషులు ఒకరినొకరు చంపుకునే దాకా ఎలా వెళ్ళారో, అందులోంచి ఎవరు ముందు తప్పుకోగలరో, అదీ సినిమా. సుమోలు గాల్లోకి లేవాలనుకునేవాళ్ళకి ఇది సప్పగా ఉంటుంది. అసలు ఊళ్ళో కక్షలు చూసినవాళ్ళకి గుండె బిగుసుకుంటుంది.

'డెలివరెన్స్' గురించి అడక్కుండా ఎవరూ వదలరు. 1972. అట్లాంటా నుంచి నలుగురు ఉద్యోగస్తులు పడవలేసుకుని కొండ ఏటి మీదికి వెళ్ళడం, అక్కడివాళ్ళ చేతిలో ఘోరంగా చిక్కడం. తీసింది మా ఇంటి నుంచి రెండు గంటల దూరంలో, జార్జియా, సౌత్ కరోలినా సరిహద్దున ఉన్న చాటూగా నది మీద. సినిమాగా గట్టిది, కాదనను. మొదటి పదిహేను నిమిషాలు మర్యాద మీద పాఠం కూడా: పట్నంవాళ్ళు పెట్రోలు బంకు దగ్గర దిగి, ఎదుటివాడి టోపీ మీద వెక్కిరింపుగా ఒక పొగడ్త విసురుతారు, ఇళ్ళలోకి తొంగిచూస్తారు, అక్కడివాళ్ళ పుట్టుక మీద వాళ్ళకి వినబడేంత దగ్గర్లో జోకులేస్తారు. గడప ఎలా తొక్కకూడదో అంతా ఉంది. ఆ తర్వాత సినిమాయే ఆ పట్నంవాళ్ళలా తయారవుతుంది. కొండవాళ్ళకి ఇళ్ళు లేవు, పెళ్ళాం పిల్లలు లేరు, అడవిలోంచి ఊడిపడ్డ మృగాలు. బాంజో వాయించే కుర్రాడు అక్కడి స్కూలు పిల్లాడు. వాడికి బాంజో రాదు. వెనక దాక్కుని ఇంకొకాయన చేతులు ఆడించాడు. ఇప్పటికీ ఇక్కడ 'తెడ్డు గట్టిగా వెయ్యండి, బాంజో వినిపిస్తోంది' అని టీషర్టులు అమ్ముతారు. ఆ నవ్వు ఆ జిల్లావాళ్ళ మొహాన యాభై ఏళ్ళుగా పడుతూనే ఉంది. అదే సినిమా వల్ల పడవలెక్కడానికి టూరిస్టులు వచ్చి డబ్బులూ వచ్చాయి, అదొక విడ్డూరం. ఇందులో అత్యాచారం ఉంది, పిల్లలు పక్కన ఉండగా పొరపాటున కూడా పెట్టకండి.

'డెలివరెన్స్' చూడాలని పట్టుబట్టేవాళ్ళకి నా షరతు ఒకటి. దాని తర్వాత గంటసేపు ఉండే డాక్యుమెంటరీ 'స్ట్రేంజర్ విత్ ఎ కెమెరా' కూడా చూడాలి. సినిమాకీ పరువుకీ మధ్య గొడవ గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన చిత్రం నాకు తెలియదు.

జరిగింది 1967 సెప్టెంబరులో, తూర్పు కెంటకీలోని జెరెమాయా అనే పల్లెలో. అంతకు మూడేళ్ళ ముందు ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ ఆ ప్రాంతానికి వచ్చి పేదరికం మీద యుద్ధం అన్నాడు. అప్పట్నుంచి కెమెరాలు వరదలా వచ్చిపడ్డాయి. చిరిగిన బట్టలు, కాళ్ళకి చెప్పుల్లేని పిల్లలు, కూలిపోయే వసారాలు. దేశం టీవీలో చూసి అయ్యో అంది. చూపించబడ్డవాళ్ళకి తల కొట్టేసినట్టయింది. ఆ సమయంలో కెనడా నుంచి హ్యూ ఓకానర్ అనే పేరున్న సినిమా దర్శకుడు ఒక బృందంతో వచ్చాడు. గనిలోంచి అప్పుడే వచ్చిన ఒక కార్మికుడు, మొహమంతా బొగ్గుమసి, వసారాలో బిడ్డతో కూర్చుని ఉంటే, అతని ఒప్పుదల తీసుకునే ఫిల్ము తీస్తున్నారు. ఆ అద్దె ఇళ్ళ యజమాని హోబర్ట్ ఐసన్ పిస్తోలు పట్టుకుని వచ్చి, నా స్థలంలోంచి పొమ్మన్నాడు. వాళ్ళు సామాను మోసుకుంటూ వెళ్ళిపోతుండగానే కాల్చాడు. ఓకానర్ అక్కడే చనిపోయాడు.

మొదటి విచారణలో జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు. తర్వాత ఐసన్ నేరం ఒప్పుకున్నాడు, పదేళ్ళ శిక్ష పడింది, ఒక ఏడాదిలో బయటికి వచ్చాడు. ఊళ్ళో చాలామంది అతని పక్షమే. చంపడం తప్పే, కానీ... ఆ 'కానీ' చుట్టూ తిరుగుతుంది 2000లో వచ్చిన ఈ డాక్యుమెంటరీ. తీసిన ఎలిజబెత్ బారెట్ తూర్పు కెంటకీ మనిషి, వైట్స్‌బర్గ్‌లో 1969లో మొదలైన యాపల్‌షాప్ అనే సంస్థలో పనిచేసింది. ఐసన్ వైపు వాళ్ళనీ, కెనడాలో ఓకానర్ కూతుర్నీ కూడా అడుగుతుంది. ఎవర్నీ దులిపెయ్యదు, వెనకేసుకురాదు. తన చేతిలో ఉన్నదీ కెమెరానే అన్న ఎరుక ఆమె గొంతులో పొడుగునా ఉంటుంది. నాకు నా పర్సు గుర్తొచ్చింది. ఇంకోటి కూడా: ఆ వసారాలో ఉంటున్న మనిషి ఒప్పుకున్నాడు, పరువు పోయిందని కాల్చినవాడు ఇంటి ఓనరు. ఎవరి పేదరికం, ఎవరి పరువు?

ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వేసేది 'మడ్‌బౌండ్', 2017, నెట్‌ఫ్లిక్స్ సినిమా. డైరెక్టర్ డీ రీస్. ఇప్పటిదాకా నేను చెప్పినవన్నీ తెల్లవాళ్ళ కథలు. మిసిసిపి డెల్టాలో రెండో ప్రపంచ యుద్ధం నాటి నల్లవాళ్ళకి పౌరుషం చూపించే హక్కే లేదు, చూపిస్తే ప్రాణం పోతుంది. యుద్ధంలో ట్యాంకు నడిపి తిరిగొచ్చిన రాన్సెల్, యూనిఫాం మీదే ఊరి కొట్టుకి వెళతాడు. ముందు గుమ్మంలోంచి బయటికి రాబోతే, నీకు ఆ దారి కాదు, వెనక దారిన పో అంటాడు తెల్ల ముసలాడు. రాన్సెల్ రెండు మాటలు తిరిగి అంటాడు. ఆ తర్వాత ఆ ముసలాడి కొడుకైన భూస్వామి రాన్సెల్ వాళ్ళ ఇంటికి వచ్చి, నీ కొడుకు మా నాన్నకి క్షమాపణ చెప్పాలంటాడు. పాలికి సేద్యం చేసే తండ్రి కొడుకు వైపు చూసే చూపు ఉంది చూశారూ, సినిమా మొత్తం అందులో ఉంది. దొడ్డివాకిలి ఎవరికో, వీధివాకిలి ఎవరికో తెలిసిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, మనకి అనువాదం అక్కర్లేదు. చివర చాలా దారుణంగా ఉంటుంది, మనసు సిద్ధం చేసుకుని చూడండి.

అదే విషయం పిల్లలతో కూర్చుని చూడాలంటే 'సౌండర్', 1972. లూజియానా, 1933. ఇంట్లో పిల్లలు పస్తులుంటే తండ్రి మాంసం దొంగిలిస్తాడు, ఏడాది కఠిన శిక్ష. ఎక్కడికి పంపారో కూడా చెప్పరు. తల్లి, పిల్లలు కలిసి పంట ఎత్తుతారు, పెద్దకొడుకు తండ్రిని వెతుక్కుంటూ నడిచి వెళతాడు. తల్లిగా వేసిన సిసిలీ టైసన్ షెరిఫ్ ముందు నిలబడి గొంతు పెంచకుండా మాట్లాడే తీరు చూస్తే, పౌరుషానికి దారులన్నీ మూసేసిన చోట మర్యాదే ఆయుధమని తెలుస్తుంది. 'డెలివరెన్స్' వచ్చిన ఏడాదే ఇదీ వచ్చింది, రెండూ ఆస్కార్ ఉత్తమ చిత్రం పోటీలో నిలిచాయి. జనం నోళ్ళలో మిగిలింది బాంజో మాత్రమే.

'స్లింగ్ బ్లేడ్' (1996) బిల్లీ బాబ్ థార్న్‌టన్ సొంత రాష్ట్రం అర్కన్సాలో రాసి, తీసి, నటించినది. నటన గొప్పది, ఊరు నిజమైనది. కానీ అది ఒక విచిత్రమైన మనిషి కథ, ఊరి కథ కాదు. మూడో వరసలో చూడండి. 'హిల్‌బిల్లీ ఎలెజీ' (2020) వదిలెయ్యండి, ప్రతి ఐదు నిమిషాలకీ ఎవరో ఒకరు అరుస్తారు. ఒకే పాత్రకి గ్లెన్ క్లోజ్ ఆస్కార్‌కీ, చెత్త నటన ఇచ్చే రాజ్జీకీ రెండిటికీ నామినేట్ అయింది, ఆ సరదా ఒక్కటే.

తల్లిదండ్రులు వచ్చి ఉంటే 'టెండర్ మెర్సీస్', 1983. టెక్సస్ పల్లె, రోడ్డు పక్క చిన్న మోటెల్. తాగి పడిపోయిన పాత గాయకుడు పొద్దున లేచేసరికి జేబులో డబ్బు లేదు. గది అద్దె పని చేసి తీర్చుకుంటానంటాడు. నడిపే వితంతువు సరే అంటుంది. వియత్నాంలో భర్త పోయాడు, చిన్న కొడుకు ఉన్నాడు. కొన్నాళ్ళకి కూరగాయల పాదుల మధ్య పనిచేస్తూ, నన్ను పెళ్ళి చేసుకునే విషయం ఆలోచిస్తారా అని అడుగుతాడు. ఆలోచిస్తానంటుంది. అంతే. పెళ్ళి కూడా చూపించరు. రాబర్ట్ డువాల్‌కి ఆస్కార్ వచ్చింది. రాసిన హార్టన్ ఫూట్‌ది టెక్సస్‌లోని వార్టన్, అతనికీ వచ్చింది. తుపాకీ లేదు, కక్ష లేదు. బాకీ ఒళ్ళొంచి తీర్చుకోవడం ఉంది. మాట ఉంది. తొంభై రెండు నిమిషాల్లో అయిపోతుంది, మందులేసుకునే టైముకి.

ఏది పెట్టినా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న నాకే ఆ యాస సగం దొరకదు. ఒకేసారి రెండు చూసే ఓపిక ఉంటే 'వింటర్స్ బోన్', 'మడ్‌బౌండ్' జంట. స్క్రిప్టు రాసుకునేవాళ్ళకి, ముఖ్యంగా సీమ కథ మళ్ళీ రాద్దామనుకునేవాళ్ళకి, 'షాట్‌గన్ స్టోరీస్' రెండుసార్లు.

పోయిన వేసవిలో మా నాన్న వచ్చినప్పుడు నేను నా సలహా నేనే పాటించకుండా దాన్నే పెట్టాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. మొదట్లో ముగ్గురు కొడుకుల దగ్గరికి తల్లి వస్తుంది, మీ నాన్న పోయాడని చెప్పడానికి. గుమ్మం దగ్గరే నాలుగు పొడి మాటలు, వెళ్ళిపోతుంది. తర్జుమా చేసి చెబుదామని నేను పాజ్ నొక్కాను. "ఉండబ్బా, చూడనీ," అన్నాడు నాన్న. "కన్నతల్లిని లోపలికి రమ్మని కూడా అనలేదే వాడు. ఈ కొంపలో ఏదో జరిగింది."